తప్పు ఎప్పుడు రాదో అడగండి



బేతంచెర్ల బండల ఊరు. డోన్ నుంచి నంద్యాలకు పోయే రైలు దారిలో ఉన్న ఈ ఊరి చుట్టుపక్కల గనుల్లో తవ్విన నాపరాయి ఇక్కడి ఫ్యాక్టరీల్లో కోతపడి, పాలిష్ పట్టించుకుని ఎన్నో ఊళ్లలో ఇళ్లకు నేలగా మారింది. ఆ ఫ్యాక్టరీల ఆఫీసు గదిలో ఒక బల్ల, దాని మీద రాతిదుమ్ము పట్టిన కంప్యూటరు, పక్కన ప్రింటరు ఉంటాయి. బండల కొలతలు, చదరపు అడుగులు, లారీ నంబరు, జీఎస్టీ, పార్టీ బాకీ అన్నీ ఆ కంప్యూటర్లోనే. వాటిని చూసుకునే ప్రోగ్రాం చాలాచోట్ల మన పిల్లలు రాసిందే. నంద్యాలలోనో కర్నూలులోనో బీసీఏ చదివి, విజువల్ బేసిక్ గానీ సీ షార్ప్ గానీ నేర్చుకుని, తెలిసినవాళ్ల ఫ్యాక్టరీ కోసం కూర్చుని రాసిచ్చినవి. బ్రౌజరుతో, ఇంటర్నెట్టుతో పని లేకుండా విండోస్ మీద నేరుగా నడిచే ఇలాంటి వాటినే డెస్క్‌టాప్ అప్లికేషన్లు అంటున్నాం. వాటి కాలం అయిపోయిందని నగరాల్లో అంటుంటారు. నెట్ ఉన్నా లేకపోయినా బిల్లు కావాలి, కాటా నుంచి బరువు నేరుగా రావాలి అనేచోట వాటి అవసరం నేటికీ తీరలేదు.

ఆ ప్రోగ్రాంలు మొరాయిస్తే కారణం ఎలా వెతకాలన్నదే ఈరోజు నా ప్రసంగం.

గుమాస్తా ఫోన్ చేసి, "అన్నా, నిన్నటిదాకా బాగానే ఉండె, ఈ పొద్దు తెరుచుకోనే లేదు" అంటాడు. రాసినవాడు వెంటనే కోడ్ తెరిచి వరస వెంబడి చదవడం మొదలుపెడతాడు. ఆ పనికి ముందు ఒక ప్రశ్న అడగాలి. ఈ తప్పు ఎప్పుడు రావడంలేదు? ఏ కంప్యూటర్లో రావడంలేదు, ఎవరు కూర్చుంటే రావడంలేదు, ఏ తేదీన, ఏ వేళప్పుడు రావడంలేదు? వచ్చే సందర్భాలను, రాని సందర్భాలను పక్కపక్కన పెడితే, తేడా ఎక్కడుందో కారణం దాదాపుగా అక్కడే దొరుకుతుంది. ఈ మాట ఎంత పనికొస్తుందో కొన్ని ఉదాహరణలతో చెబుతాను.

ముందుగా కొత్త కంప్యూటరు సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో చాలా ఆఫీసుల్లో పాత మిషను పక్కన పెట్టి కొత్తది తెచ్చారు. పాతదాంట్లో పదేళ్లు నడిచిన ప్రోగ్రాం కొత్తదాంట్లోకి కాపీ చేస్తే కదలదు. డేటాబేస్ ప్రొవైడర్ ఈ కంప్యూటర్లో నమోదు కాలేదని ఒక ఇంగ్లీషు మెసేజి వస్తుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలులో లెక్కలు పెట్టుకున్న ప్రోగ్రాంలకు ఇది మామూలు జబ్బు. ఎక్కువసార్లు కారణం 32 బిట్, 64 బిట్ తేడా. పాత యాక్సెస్ ఫైళ్లను చదివే జెట్ డ్రైవరు 32 బిట్‌లోనే ఉంది, దానికి 64 బిట్ రూపం రాలేదు. తర్వాత వచ్చిన ఏస్ డ్రైవరు రెండు రకాలుగానూ దొరుకుతుంది. కానీ ప్రోగ్రాం 64 బిట్‌గా లేచి, మిషనులో ఉన్న డ్రైవరు 32 బిట్‌ది అయితే ఒకదానికొకటి కనపడవు. డ్రైవరు కళ్లముందే ఉంటుంది, ప్రోగ్రాం మాత్రం లేదంటుంది. విజువల్ స్టూడియోలో ప్రాజెక్టును "ఎనీ సీపీయూ" అని వదిలెయ్యకుండా, డ్రైవరు 32 బిట్‌దైతే "ఎక్స్86" అని గట్టిగా చెప్పి మళ్లీ కంపైల్ చెయ్యడమే మందు.

1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6తో రాసినవి ఇంకా ఎన్నో నడుస్తున్నాయి. దాని మూల రన్‌టైం విండోస్ 11లోనూ ఉంది. అయితే గ్రిడ్డు లాంటి అదనపు సామాను ఓసీఎక్స్ ఫైళ్లుగా వేరే వస్తుంది. అవి కొత్త మిషనులో ఉండవు, తెచ్చిపెట్టి నమోదు చెయ్యాలి. ఇక్కడ పేర్లు తికమక పెడతాయి. 64 బిట్ విండోస్‌లో సిస్టం32 అనే ఫోల్డరులో ఉండేవి 64 బిట్ ఫైళ్లు, సిస్‌వావ్64 అనే ఫోల్డరులో ఉండేవి 32 బిట్ ఫైళ్లు. పేరు చూసి తిరగేసి పెట్టినవాళ్లు రోజంతా వెతుకుతూనే ఉంటారు.

రెండో రకం తప్పు మనుషుల్ని బట్టి మారుతుంది. యజమాని లాగిన్‌లో కొత్త బిల్లులు కనపడతాయి, గుమాస్తా లాగిన్‌లో కనపడవు. గుమాస్తా వేసినవి యజమానికి కనపడవు. ఒకే మిషను, ఒకే ప్రోగ్రాం. పాపం ఆ గుమాస్తా మీద అనుమానం కూడా పడుతుంది. కారణం విండోస్ విస్టా కాలం నుంచి ఉన్న భద్రతా ఏర్పాటు. ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డరులో మామూలు వాడకందారు రాయడానికి వీల్లేదు. పాత 32 బిట్ ప్రోగ్రాం అక్కడే డేటా ఫైలు పెట్టుకుని రాయబోతే, విండోస్ దాన్ని అడ్డుకోకుండా, ఆ వాడకందారు సొంత ఖాతాలోని వర్చువల్ స్టోర్ అనే మరుగు ఫోల్డరులో ఒక నకలు తీసి అందులో రాయిస్తుంది. ఇద్దరికీ చెరొక పుస్తకం తయారవుతుంది. డేటా ఫైలును ప్రోగ్రాం డేటా ఫోల్డరులో ఉంచి, అందరికీ రాసే అనుమతి ఇస్తే ఈ గొడవ ఉండదు. మనిషిని నిలదీసే ముందు ఆ వర్చువల్ స్టోర్ తెరిచి చూడమని యజమానులను గట్టిగా కోరుతున్నాను.

తేదీలది ఇంకో కథ. ఒక నివేదికలో ప్రతి నెలా 1 నుంచి 12వ తేదీ దాకా లెక్కలు తప్పుగా వస్తాయి. 13 నుంచి నెలాఖరు దాకా సరిగ్గా వస్తాయి. ఎప్పుడు రావడంలేదో అడిగినవాడికి కారణం అక్కడికక్కడే దొరికిపోతుంది. యాక్సెస్ క్వెరీలో తేదీని రెండు హ్యాష్ గుర్తుల మధ్య రాస్తే, కంప్యూటర్లో మనం భారతదేశపు పద్ధతి పెట్టుకున్నా సరే, అది అమెరికా పద్ధతిలో ముందు నెల, తర్వాత రోజు అని చదువుతుంది. 05/04 అంటే మనకు ఏప్రిల్ 5, దానికి మే 4. రోజు 12 దాటితే అది నెల కాలేదు కాబట్టి తిరగేసి సరిగ్గా చదువుకుంటుంది. తేదీని అక్షరాలుగా అతికించకుండా పారామీటరుగా పంపితే సరిపోతుంది. అక్షరాలుగానే పంపక తప్పదంటే ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు రాయాలి.

ఇప్పుడు కాటా దగ్గరికి వద్దాం. నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడే తప్పు ఇక్కడిదే. లారీ ప్లాట్‌ఫారం ఎక్కితే బరువు సూచించే పెట్టె ఆ అంకెలను సీరియల్ తీగ గుండా కంప్యూటరుకు పంపుతుంది. కొత్త కంప్యూటర్లకు ఆ పాత తొమ్మిది పిన్నుల పోర్టు ఉండడంలేదు. యూఎస్‌బీ మార్పిడి తీగ వాడతారు. ఊడ్చేటప్పుడు తీగ ఊడదీసి వేరే రంధ్రంలో పెడితే కామ్3 కాస్తా కామ్5 అవుతుంది, ప్రోగ్రాం మాత్రం కామ్3 దగ్గరే కాచుకుని ఉంటుంది. ఇది చిన్న విషయం. పోర్టు నంబరును కోడులో రాసెయ్యకుండా సెట్టింగులో పెట్టి, ఉన్న పోర్టుల జాబితా చూపిస్తే గుమాస్తాయే మార్చుకుంటాడు.

పెద్ద ప్రమాదం వేరే ఉంది. తీగ గుండా వచ్చే అంకెలు ఒక్కసారిగా రావు. 18450 కిలోల బరువు ఒకసారి 1845గా, మరుక్షణం ఒక సున్నాగా రెండు ముక్కలై రావచ్చు. వచ్చింది వచ్చినట్టు తీసుకునే ప్రోగ్రాం పద్దెనిమిది టన్నుల లారీని రెండు టన్నులు కూడా లేదని చీటీ కొడుతుంది. రాసినవాడి గదిలో కాటా ఉండదు, ఒక నకిలీ ప్రోగ్రాం పంపే అంకెలు పొందిగ్గా ఒకేసారి వస్తాయి, కాబట్టి అక్కడ ఈ తప్పు జన్మలో కనపడదు. ఫ్యాక్టరీలోనో గని దగ్గరో నిజమైన కాటాకు తగిలించినప్పుడే బయటపడుతుంది, అదీ ఎప్పుడో ఒకసారి. వచ్చిన ముక్కలన్నీ ఒకచోట పోగుచేసి, బరువు పెట్టె పంపే ముగింపు గుర్తు వచ్చేదాకా ఆగి, అప్పుడే అంకెగా చదవాలి. వరసగా కొన్నిసార్లు ఒకే బరువు వస్తేనే కాటా నిలకడకు వచ్చిందని ఒప్పుకోవాలి. లారీ డ్రైవరు కూలీ ఆ చీటీ మీద ఆధారపడి ఉంటుంది. అందుకని ఇక్కడ తొందరపాటును నేను క్షమించలేను.

అక్కడే ఇంకో చిక్కు. కాటా నుంచి అంకె వచ్చినప్పుడు సీ షార్ప్ ప్రోగ్రాంలను నడిపే డాట్‌నెట్ ఆ కబురును వేరే థ్రెడ్ మీద, అంటే ప్రోగ్రాం లోపలి వేరే పని వరస మీద, అందిస్తుంది. తెర మీది పెట్టెలను వాటిని తయారుచేసిన థ్రెడ్ తప్ప ఇంకొకటి ముట్టకూడదు. ముట్టుకుంటే "క్రాస్ థ్రెడ్ ఆపరేషన్ నాట్ వ్యాలిడ్" అని మెసేజి వస్తుంది. ఆ తనిఖీని ఆపేసి మెసేజి రాకుండా చేసుకునే కిటుకొకటి పిల్లలు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటున్నారు. దయచేసి అది వద్దు. మెసేజి పోతుంది, తప్పు లోపలే ఉంటుంది. బిగిన్ ఇన్వోక్ ద్వారా తెర థ్రెడ్‌కు కబురు పెట్టడమే సరైన దారి. ఉత్త ఇన్వోక్ వాడితే పోర్టు మూసేటప్పుడు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ బిగుసుకుపోయే సందర్భాలున్నాయి.

బిగుసుకుపోవడం అన్నాను కదా, "సిస్టం పట్టేసింది" అనే ఫిర్యాదు వెనక ఉండేది సాధారణంగా ఈ తెర థ్రెడ్డే. అది ఒంటరి గుమాస్తా లాంటిది. ఫోనెత్తాలి, బిల్లు రాయాలి, వచ్చినవాళ్లకు జవాబు చెప్పాలి. అతన్ని గోడౌనుకు పంపి ఏడాది లెక్కలు తెమ్మంటే ముందు గదిలో పలికే దిక్కుండదు. ఒక కిటికీ అయిదు సెకన్లపాటు కబుర్లు అందుకోకపోతే విండోస్ దాని నెత్తిన "నాట్ రెస్పాండింగ్" అని రాస్తుంది. నెల మొదట్లో రాని ఈ బాధ నెలాఖరున వస్తుందంటే, నివేదిక కోసం అడ్డూ అదుపూ లేకుండా వరసలన్నీ తెర థ్రెడ్ మీదే లాగుతున్నారని అర్థం. 2012 నుంచి సీ షార్ప్‌లో ఉన్న ఎసింక్, అవెయిట్‌లతో ఆ పనిని పక్కకు పంపవచ్చు. పని అయ్యేదాకా సేవ్ బటన్ నొక్కుడు పడకుండా ఆపాలి, లేదంటే ఓపిక నశించిన గుమాస్తా రెండోసారి నొక్కుతాడు, రెండు బిల్లులు పడతాయి.

ఉదయం రాకుండా సాయంత్రానికి వచ్చే జబ్బు కూడా ఉంది. పొద్దుగూకే సరికి తెర మీద అక్షరాలు మాయమై, బటన్లు నల్లబడి, ప్రోగ్రాం కూలిపోతుంది. మూసి తెరిస్తే మళ్లీ బాగుంటుంది. గీతలు గియ్యడానికి, అక్షరాలు వెయ్యడానికి తీసుకున్న కలాలు, ఫాంట్లు వాడాక తిరిగి ఇవ్వకపోవడం దీనికి కారణం. అలాంటి వస్తువులు ఒక ప్రోగ్రాముకు మామూలుగా 10,000 వరకే దొరుకుతాయి. టాస్క్ మేనేజరులో జీడీఐ ఆబ్జెక్ట్స్ అనే నిలువు వరస తెరిచి ఉంచితే, గంటగంటకూ పెరుగుతూ పోయే అంకె కళ్లకు కనపడుతుంది.

ఇక తెలుగు. బిల్లు మీద పార్టీ పేరు, ఊరి పేరు తెలుగులో కావాలని అడిగే హక్కు మన ఫ్యాక్టరీలకు ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే ఉంది. విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును తెచ్చింది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఉంది. అయినా బిల్లు మీద "బేతంచెర్ల"కు బదులు తొమ్మిది ప్రశ్నార్థకాలు వచ్చే ప్రోగ్రాంలు నేటికీ ఉన్నాయి.

తెలుగు పాడైన తీరును బట్టే కారణం చెప్పవచ్చు. ఖాళీ డబ్బాలు కనపడితే ఫాంటు లేదన్నమాట. డేటా భద్రంగానే ఉంది, ఫాంటు మారిస్తే చాలు. ప్రశ్నార్థకాలు వస్తే యూనికోడ్ తెలియని మెట్టు ఒకటి మధ్యలో ఉందని గుర్తు. అవే డేటాబేసులోకి ఎక్కి ఉంటే అసలు అక్షరాలు తిరిగిరావు. ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తులు కలగలిసి వస్తే అది పాత డీటీపీ పద్ధతిలో, ఫాంటు బొమ్మల కోసం కొట్టిన పాఠం. దానికి కన్వర్టరు కావాలి. వత్తుల అడుగు తెగితే ఏ డేటాకూ దోషం లేదు, పెట్టె ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా పెట్టారు, పెంచాలి.

ప్రశ్నార్థకాల వెనక ఉన్న అసలు సంగతి ఇది. విండోస్‌లో పాత తరహా ప్రోగ్రాంలు ఒక్కో భాషకు ఒక్కో కోడ్ పేజీ వాడుకునేవి. రష్యనుకు, అరబిక్కుకు అలాంటి పేజీలున్నాయి. తెలుగుకు విండోస్‌లో అలాంటిది లేదు, ఇక్కడ తెలుగుకు యూనికోడే దిక్కు. కాబట్టి దారిలో ఏ ఒక్కచోట పాత తరహా పిలుపు ఉన్నా అక్షరానికొక ప్రశ్నార్థకం మిగులుతుంది. విజువల్ బేసిక్ 6 తన లోపల మాటలను యూనికోడ్‌లోనే దాచుకుంటుంది, దాని తెర పెట్టెలు మాత్రం పాత తరహావి. ఎస్‌క్యూఎల్ సర్వరు వాడేవాళ్లు నిలువు వరసను వార్‌చార్ అని కాక ఎన్‌వార్‌చార్ అని పెట్టాలి, విలువను పారామీటరుగా పంపాలి. నేరుగా రాస్తే కొటేషను ముందు ఎన్ అక్షరం తప్పనిసరి. ఆ ఒక్క ఎన్ మరిచిపోయినందుకు పేర్లన్నీ పోగొట్టుకున్న డేటాబేసులు ఉన్నాయి.

పొడవు లెక్క కూడా వేరు. బేతంచెర్ల మన కంటికి నాలుగు అక్షరాలు, కంప్యూటరుకు తొమ్మిది. బిల్లులో చోటు లేదని ఎనిమిది దగ్గర కత్తిరిస్తే చివరి ల పోయి "బేతంచెర్" అని పొల్లుతో మిగులుతుంది. డాట్‌నెట్‌లో స్ట్రింగ్ ఇన్ఫో అనే ఏర్పాటు కోడు సంఖ్యలను గాక, కంటికి కనపడే అక్షరాలను లెక్కపెట్టడానికే ఉంది. తెలుగు సంయుక్తాక్షరాల దగ్గర దాని లెక్క అన్ని కూర్పుల్లో ఒకటి కాదు గనక, మన ఊళ్ల పేర్లు పెట్టి పరీక్షించుకున్నాకే నమ్మాలి.

డబ్బు లెక్క గురించి ఒక్క మాట. 22 అంగుళాల చదరపు బండ 484 చదరపు అంగుళాలు. 144తో భాగిస్తే 3.3611 చదరపు అడుగులు. ఒక్కో బండకు 3.36 అని ముందే కుదించి 2000 బండలతో గుణిస్తే 6720 వస్తుంది, చివర్లో కుదిస్తే 6722.22 వస్తుంది. పార్టీ వాళ్ల కాలిక్యులేటరులో ఒకటి, మన బిల్లులో ఒకటి వచ్చిందంటే ఎవరో మోసం చేశారని కాదు, కుదింపు చోటు వేరు. ఇంకోటి కూడా ఉంది. జీఎస్టీ చట్టం 170వ సెక్షను ప్రకారం 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయికి పెంచాలి. 242.50 అంటే 243. డాట్‌నెట్‌లో మ్యాత్ రౌండ్‌కు ఏమీ చెప్పకుండా ఇస్తే 242 అంటుంది, ఎందుకంటే సరిగ్గా సగం దగ్గర అది సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. 243.50 ఇస్తే 244 అంటుంది. ఒక బిల్లులో ఒప్పు, ఒక బిల్లులో తప్పు. "అవే ఫ్రమ్ జీరో" అని స్పష్టంగా చెప్పాలి. డబ్బుకు డబుల్ వాడకూడదు, డెసిమల్ వాడాలి.

ఈ తప్పులన్నిటినీ వెతకడానికి విండోస్‌కు మంచి పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి. ప్రోగ్రాం చప్పుడు లేకుండా మాయమైతే ఈవెంట్ వ్యూయరులో అప్లికేషన్ చిట్టా చూడండి. ఏ ఫైలు దొరక్క ఆగిందో తెలియకపోతే సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ప్రాసెస్ మానిటరు పెట్టండి, ప్రోగ్రాం ఏ ఫోల్డరులో దేన్ని వెతికి లేదనిపించుకుందో వరసగా చూపిస్తుంది. కానీ అంతకన్నా ముఖ్యమైనది రాసేవాళ్ల చేతుల్లోనే ఉంది. తప్పు వస్తే పట్టించుకోకుండా తర్వాతి వరసకు పొమ్మనే ఆదేశాన్ని విజువల్ బేసిక్‌లో పైనే పెట్టెయ్యడం, సీ షార్ప్‌లో క్యాచ్ పెట్టి లోపల ఖాళీగా వదిలెయ్యడం మానండి. బిల్లు సేవ్ కాకపోయినా అయిందనుకుని గుమాస్తా లారీని పంపేస్తాడు. ప్రతి తప్పునూ తేదీ, సమయం, లాగిన్ పేరుతో ఒక చిట్టా ఫైలులో రాయించండి. ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు రాలేదు అనేదానికి జవాబు ఆ చిట్టాలోనే ఉంటుంది.

ప్రోగ్రాం రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా కోరిక ఒకటే. మీ ల్యాప్‌టాప్‌లో నడిచిందని అప్పగించి రాకండి. ఆ ఫ్యాక్టరీ కంప్యూటర్లో, గుమాస్తా లాగిన్‌లో, ఆ కాటాకు తగిలించి, తెలుగు పేర్లతో, 12వ తేదీ బిల్లొకటి, 13వ తేదీ బిల్లొకటి కొట్టి చూడండి. పని నడుస్తుండగా ఒకసారి కరెంటు తీసి, మళ్లీ వేసి లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. యజమానులు అందుకు ఒక రోజు పని ఆపి అవకాశం ఇవ్వాలి, ఆ రోజు కూలీ కూడా రాసినవాళ్లకు ఇవ్వాలి. రోజూ సాయంత్రం డేటా ఫైలు నకలు తీయించి, దాన్ని ఆ గదిలో కాకుండా వేరేచోట ఉంచాలి. ఆ నకలు మళ్లీ తెరుచుకుంటుందో లేదో నెలకొకసారి చూసుకోవాలి. గుమాస్తాలకు చివరిగా ఒక మాట. తెర మీద ఏ మెసేజి వచ్చినా ఓకే నొక్కే ముందు ఫోనుతో ఫొటో తీసి పంపండి.